యూట్యూబ్ ఆడియో లైబ్రరీ: సీమ వీడియోలకు ఎంతవరకు పనికొస్తుంది?

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఛానెల్ పెట్టాలనుకునేవాళ్ళకు కెమెరా, మైకు, ఎడిటింగ్ యాప్ గురించి చెప్పేవాళ్ళు కావలసినంతమంది దొరుకుతారు. వీడియో కింద వేసే సంగీతం ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే గండికోట లోయ షాట్ల కింద ఒక సినిమా పాట బిట్టు, ప్రొద్దుటూరు నగల దుకాణం ప్రకటన కింద ఇంకో బిట్టు పడతాయి. అప్‌లోడ్ పూర్తయ్యేలోపే కాపీరైట్ క్లెయిమ్, అంటే ‘ఈ పాట మాది’ అన్న హక్కుదారు మాట, వచ్చి కూర్చుంటుంది. యూట్యూబ్ తానే ఉచితంగా ఇస్తున్న ఆడియో లైబ్రరీ ఈ చిక్కును ఎంతవరకు విప్పుతుందో చెప్పడానికే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. యూట్యూబ్‌లో పెట్టే వీడియోకు పైసా ఖర్చు లేకుండా ఇంతకన్నా నమ్మకమైన చోటు లేదు. మాటల కింద మెల్లగా నడిచే సంగీతానికి, వంట వీడియోలకు, పోటీ పరీక్షల పాఠాలకు, ఊళ్ళు తిరిగే వీడియోలకు ఇది చాలు. సీమ వాసన కావాలంటే మాత్రం, అంటే డప్పు, ఉరుము వాద్యం, చెక్కభజన, సన్నాయి కావాలంటే, ఇక్కడ వెతకడం దండగ. దానికి మన ఊళ్ళోనే వేరే దారి ఉంది. ఖర్చు కొంత అవుతుంది, ఒక కాగితం రాసుకోవాలి. ఆ సంగతి చివర్లో వివరంగా చెప్తాం, ఎందుకంటే అసలు విలువ అక్కడే ఉంది.

ఎలా తీసుకోవాలి

కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిస్తే ఎడమచేతి మెనూలో కిందుగా ‘ఆడియో లైబ్రరీ’ అని ఉంటుంది. ఫోన్‌లోని స్టూడియో యాప్‌లో అది కనపడదు. ఫోన్ తప్ప వేరేది లేనివాళ్ళు బ్రౌజర్‌లో స్టూడియో సైటును డెస్క్‌టాప్ సైటుగా మార్చుకుని తెరవాలి. అక్షరాలు మరీ చిన్నవైపోతాయి గానీ పని జరుగుతుంది. ఛానెల్ ఉంటే చాలు, సబ్‌స్క్రైబర్లు ఎంతమంది, మానిటైజేషన్ వచ్చిందా లేదా అని ఎవరూ అడగరు.

లోపల సంగీతానికి ఒక ట్యాబు, సౌండ్ ఎఫెక్టులకు ఒకటి, మీరు నక్షత్రం గుర్తు పెట్టుకున్నవాటికి ఒకటి ఉంటాయి. ట్రాక్ పేరు, కళాకారుడి పేరు, జానర్, మూడ్, నిడివి, పేరు చెప్పాలా అక్కర్లేదా అన్నవాటిని బట్టి వడకట్టుకోవచ్చు. వరస చివర కనిపించే తేదీ మీద మౌస్ పెడితే ‘డౌన్‌లోడ్’ అని వస్తుంది. ఎంపీ3 ఫైలు దిగుతుంది. నెలకు రెండుసార్లు కొత్త ట్రాకులు చేరుతుంటాయి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది లైసెన్స్ రకం. యూట్యూబ్ గుర్తు ఉంటే అది యూట్యూబ్ ఆడియో లైబ్రరీ లైసెన్స్: పేరు చెప్పనక్కర్లేదు, వీడియో మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. సీసీ అనే గుర్తు ఉంటే అది కొన్ని షరతులతో అందరినీ వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ బై (సీసీ బై) 4.0 లైసెన్స్: డబ్బు తీసుకోవచ్చు, కానీ కళాకారుడి పేరు చెప్పి తీరాలి. ఆ గుర్తు మీద నొక్కితే యూట్యూబే తయారుచేసిన క్రెడిట్ వాక్యం వస్తుంది. దాన్ని కాపీ చేసి వీడియో డిస్క్రిప్షన్‌లో ఉన్నదున్నట్టు అతికించాలి. చాలామంది ‘మ్యూజిక్: యూట్యూబ్ లైబ్రరీ’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. అది సరిపోదు. ట్రాక్ పేరు, కళాకారుడి పేరు, లైసెన్స్ లింకు మూడూ ఉండాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ‘పేరు చెప్పనక్కర్లేదు’ అన్న వడపోతే ముందు పెట్టుకుని వెతకండి.

రెండింటికీ వర్తించే హద్దు ఒకటుంది. ఆ సంగీతాన్ని మీ వీడియోలో కలిపి వాడుకోవాలి. అంతేగానీ విడి ఫైలుగా పంచిపెట్టడం, ఒక నిశ్చల చిత్రం పెట్టి ‘గంటసేపు ధ్యాన సంగీతం’ అని అదే ట్రాకును మీదిగా అమ్ముకోవడం కుదరదు.

ట్రాక్ ఎంచుకునేటప్పుడు మాటలున్న వీడియోకు డ్రమ్స్ జోరు లేనిది, పాడే గొంతు లేనిది తీసుకోండి. పాడే గొంతు మీ గొంతుతో పోటీపడి మాట వినపడనివ్వదు. రెండు నిమిషాల ట్రాకును ఎనిమిది నిమిషాల వీడియోకు నాలుగుసార్లు తిప్పితే మూడోసారికే చూసేవాళ్ళకు విసుగొస్తుంది. అంతకన్నా ఒకే కళాకారుడివి రెండు మూడు ట్రాకులు తీసుకుని సన్నివేశం మారినచోట మార్చడం మంచిది. ఎడిటింగ్ యాప్‌లోని ధ్వని మీటరులో మాట గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంటే సంగీతాన్ని మైనస్ 25 నుంచి మైనస్ 30 మధ్యకు దించండి. ఇయర్‌ఫోన్లలో సరిగ్గా అనిపించింది ఫోన్ స్పీకర్‌లో మాటను మింగేస్తుంది, కాబట్టి ఎగుమతి చేశాక ఒకసారి ఫోన్ స్పీకర్‌లోనే వినాలి.

సౌండ్ ఎఫెక్టుల ట్యాబును ఎక్కువమంది పట్టించుకోరు. వాన, గాలి, వాహనాలు, జనసందడి, తలుపు చప్పుడు, అన్నీ బాగున్నాయి. కానీ పుష్పగిరి గుడి గంట, తుంగభద్ర ఒడ్డున నీళ్ళ సడి లాంటివి అక్కడికి వెళ్ళినప్పుడు ఒక అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేసి తెచ్చుకోండి. ఆ రికార్డింగ్ మీ సొంతం, దానిమీద ఇంకెవరికీ హక్కు ఉండదు.

ఎక్కడ తేలిపోతుంది

తెలుగు జానపదం, కోలాటం, భజన లాంటి విభాగమే లేదు. భారతీయ వాద్యాల ట్రాకులు కొన్ని తగులుతాయి గానీ అవి ఏ ఊరివీ కావు. లేపాక్షి నంది మీద అవి వేస్తే పర్యాటక శాఖ ప్రకటనలా ఉంటుంది. పైగా బాగున్న ట్రాకులు ప్రపంచమంతా వాడేసింది కాబట్టి మీ వీడియో మొదలవగానే ‘ఇది ఎక్కడో విన్నాం’ అనిపిస్తుంది. లయ వేగాన్ని బట్టి వెతికే వీలు లేదు. ఎడిటింగ్‌లో కట్‌లను తాళానికి కలపాలనుకునేవాళ్ళు ప్రతిదీ విని చేత్తో లెక్క పెట్టుకోవాలి.

ఇంకో పెద్ద పరిమితి: ఈ లైబ్రరీ మీద యూట్యూబ్ ఇచ్చే భరోసా యూట్యూబ్ గోడల లోపలిది. అదే వీడియోను ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెడితే అక్కడ పాటల్ని పట్టే యంత్రాంగం వేరు. రెండుచోట్లా పెట్టే వీడియోకు సీసీ బై ట్రాక్ తీసుకుని క్రెడిట్ రెండుచోట్లా రాయడం మేలు, ఎందుకంటే ఆ లైసెన్స్ ఏ వేదికకూ కట్టుబడి ఉండదు. దీనికి తలకిందులుగా, ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో వేసిన పాటతో సహా ఆ రీల్‌ను దించి యూట్యూబ్‌లో పెట్టడం పూర్తిగా తప్పు. ఆ పాటకు ఇన్‌స్టాగ్రామ్ తన వరకే అనుమతి తెచ్చుకుంది.

ట్రాక్ దించుకున్న రోజే లైసెన్స్ కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసి, ఆ వీడియో ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంచండి. అదే సంగీతాన్ని ఇంకెవరో తమ పాటలో కలిపి హక్కులు తమవేనని నమోదు చేసుకుంటే మీకు క్లెయిమ్ రావచ్చు. అలాంటప్పుడు చూపడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

సినిమా పాట వేస్తే లోపల జరిగేది

2007 నుంచి యూట్యూబ్ వాడుతున్న కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ ప్రతి అప్‌లోడ్‌నూ హక్కుదారులు ఇచ్చిన పాటల నమూనాలతో పోల్చి చూస్తుంది. కలిస్తే హక్కుదారు ముందే ఎంచుకున్న మూడింట్లో ఒకటి జరుగుతుంది: వీడియో ఆగిపోతుంది, లేదా ప్రకటనల డబ్బు వాళ్ళకు పోతుంది, లేదా ఎవరు చూస్తున్నారో లెక్క మాత్రం వాళ్ళకు అందుతుంది. ఈ నిర్ణయం దేశాన్ని బట్టి మారవచ్చు. కడపలో చక్కగా ఆడుతున్న వీడియో కువైట్‌లో ఉన్న మన రాజంపేటవాళ్ళకు తెరుచుకోకపోవడానికి ఒక కారణం ఇదే.

క్లెయిమ్‌కు, స్ట్రైక్‌కు తేడా తెలియక కొందరు భయపడతారు, కొందరు మరీ తేలిగ్గా తీసుకుంటారు. క్లెయిమ్ ఆ ఒక్క వీడియోకు సంబంధించింది, మామూలుగా ఛానెల్‌కు మచ్చ రాదు. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం తొలగించమని కోరాడని. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్‌నే తీసేసే పరిస్థితి వస్తుంది. యూట్యూబ్ పెట్టే ‘కాపీరైట్ స్కూల్’ అనే ఆన్‌లైన్ పాఠం పూర్తిచేస్తే స్ట్రైక్ 90 రోజుల తర్వాత తొలగిపోతుంది. క్లెయిమ్ వచ్చినా ‘ఆడుతోంది కదా’ అని అలాగే వదిలేయడం కొరివితో తల గోక్కోవడమే. హక్కుదారు తన నిర్ణయాన్ని రేపు మార్చుకోవచ్చు.

10 సెకన్లలోపు అయితే పర్లేదని, 30 సెకన్ల దాకా చెల్లుతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి. అలాంటి లెక్క మన కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. 1957 నాటి చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం సొంత వాడకానికి, విమర్శ లేదా సమీక్షకు, వర్తమాన సంఘటనల వార్తకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. పాట గురించి మాట్లాడుతూ ఒక చరణం వినిపించి దాన్ని విశ్లేషించడం వేరు, బెలూం గుహల్లో నడుస్తుంటే వెనక పాట వేయడం వేరు. రెండోది ఏ మినహాయింపు కిందికీ రాదు. శృతి మార్చడం, వేగం పెంచడం, ‘హక్కులన్నీ యజమానివే’ అని డిస్క్రిప్షన్‌లో రాయడం, వీటిలో ఏదీ అనుమతి కాదు. ‘నో కాపీరైట్ మ్యూజిక్’ అని పేరు పెట్టుకున్న ఛానెళ్ళలోంచి దించుకోవడమూ అంతే. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, యూట్యూబ్ దానికి పూచీ పడదు.

పాట మీరు వేయకపోయినా చిక్కొస్తుంది. కర్నూలులో కారం దోశ తింటూ వీడియో తీస్తుంటే హోటల్లో రేడియో మోగుతుంటుంది. మైకుకు అది చేరితే కంటెంట్ ఐడీకి చేరినట్టే. షూటింగ్‌కు ముందే ఆపమని అడగండి, మైకు చొక్కాకు తగిలించుకునేది వాడండి. అప్పటికీ పడిపోతే అప్‌లోడ్ చేసేటప్పుడే ‘తనిఖీలు’ దశలో తెలుస్తుంది. అందుకే మొదట ‘ప్రైవేట్’గా పెట్టి తనిఖీ అయ్యాకే విడుదల చేయాలి. తర్వాత స్టూడియోలో ఆ వీడియో పక్కన ‘కాపీరైట్’ అన్నచోట వివరాలు తెరిస్తే మూడు దారులు కనిపిస్తాయి: ఆ ముక్క కోసేయడం, పాటను తీసేయడం, లైబ్రరీలోని వేరే ట్రాక్‌తో మార్చేయడం. పాటను మాత్రమే తీసేసే ఎంపికను ముందు ప్రయత్నించండి, మాట చాలావరకు నిలుస్తుంది. పాట బిగ్గరగా ఉండి మాట సన్నగా ఉంటే అది పనిచేయకపోవచ్చు. అప్పుడు ఆ ముక్కలో ధ్వని మొత్తం ఆపేసి అక్షరాలు వేయడమే మిగిలిన మార్గం. ఈ పని స్టూడియోలోనే చేస్తే వీడియో లింకు, వ్యూలు, వ్యాఖ్యలు అలాగే ఉంటాయి. తీసేసి మళ్ళీ అప్‌లోడ్ చేయాల్సిన పనిలేదు.

ఒంటిమిట్ట కల్యాణం, అహోబిలం బ్రహ్మోత్సవాల లాంటివి లైవ్ ఇచ్చేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మైకు సెట్టులో వేసిన భక్తి పాట పట్టుబడితే మీ దృశ్యం స్థానంలో ఒక బొమ్మ నిలబడిపోతుంది. అయినా పాట ఆగకపోతే ప్రసారమే తెగిపోవచ్చు. మంత్రాలు, మేళం ఉన్నచోటికి మైకు దగ్గరగా పెట్టి, హారన్ స్పీకర్లవైపు వీపు తిప్పడం ఒక్కటే ఆచరణలో పనిచేసే ఉపాయం.

షార్ట్స్ సంగతి రెండు ముక్కల్లో. షార్ట్స్‌లోని ‘సౌండ్ జోడించు’ ద్వారా వేసే పాట షార్ట్స్ వరకు చెల్లుతుంది, పెద్ద వీడియోకు పనికిరాదు. 2024 అక్టోబర్ 15 నుంచి షార్ట్స్ మూడు నిమిషాల దాకా పెట్టవచ్చు గానీ నిమిషం దాటిన దానిమీద కంటెంట్ ఐడీ క్లెయిమ్ ఉంటే అది ఆగిపోతుంది. డబ్బు లెక్కలోనూ తేడా ఉంది. పాట లేని షార్ట్ రాబడి మొత్తం క్రియేటర్ల వాటాలోకి పోతే, ఒక పాట వాడితే సగం, రెండు వాడితే మూడోవంతే పోతుంది. ఆ వాటాలోంచి మీకు వచ్చేది 45 శాతం. దుకాణం ప్రకటనకు షార్ట్స్ పాట వాడటం మాత్రం వద్దు. వ్యాపారానికి విడిగా అనుమతి కావాలి.

పెళ్ళి వీడియోలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట: ‘పెళ్ళిలో పాటకు కాపీరైట్ లేదని ప్రభుత్వమే చెప్పింది కదా.’ సగం నిజం. సెక్షన్ 52లోని ఒక ఉపవాక్యం మతపరమైన వేడుకల్లో పాట వినిపించడాన్ని ఉల్లంఘన కాదంటుంది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళితో ముడిపడ్డ ఇతర సంబరాలు కూడా అందులోకి వస్తాయి. 2023 జూలైలో కేంద్ర పరిశ్రమల శాఖ ఇదే సంగతిని బహిరంగ ప్రకటనగా ఇచ్చింది. అది మండపంలో పాట మోగించడానికి సంబంధించింది. అదే పాటను హైలైట్స్ వీడియో కింద అతికించి ఆన్‌లైన్లో పెట్టడానికి ఆ మినహాయింపు వర్తించదు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే కాపీని ఏ యంత్రమూ పట్టుకోదు కాబట్టి అది చట్టానికి లోబడినట్టు కూడా కాదు.

ఆచరణలో పనికొచ్చే పద్ధతి ఇది. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతల దగ్గర సన్నాయి మేళాన్ని విడి మైకుతో శుభ్రంగా రికార్డు చేయండి. సంప్రదాయ మంగళవాద్యం అయితే అదే హైలైట్స్‌కు నేపథ్యం అవుతుంది. మేళంవాళ్ళు సినిమా బాణీ ఎత్తుకుంటే మాత్రం ఆ ముక్క వాడకండి. రికార్డింగ్ మీదైనా బాణీ వేరొకరిది, కంటెంట్ ఐడీ బాణీని కూడా గుర్తుపట్టగలదు. మిగిలిన చోట్ల లైబ్రరీలోని ‘రొమాంటిక్’, ‘హ్యాపీ’ మూడ్ ట్రాకులు సరిపోతాయి.

కీర్తనలు, పాత పాటలు

భక్తి ఛానెళ్ళు నడిపేవాళ్ళు అన్నమయ్య కీర్తనలకు హక్కులేముంటాయిలే అనుకుంటారు. పాట అనేది ఒకే వస్తువు కాదు. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగ్ ఒకటి, మూడింటికీ హక్కులు వేరువేరు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) సాహిత్యం అందరిదీ, అందులో అనుమానం లేదు. కానీ ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉందేగానీ స్వరం లేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీల్లో ఎన్నో 20వ శతాబ్దంలో కట్టినవి. వాటిలో కొన్ని మన అనంతపురం జిల్లావారే అయిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) కట్టారు. చట్టం ప్రకారం సాహిత్యానికి, బాణీకి రచయిత కన్నుమూసిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఆ లెక్కన ఆయన సొంతంగా కట్టిన బాణీకి 2039 చివరిదాకా గడువుంది. ఆ హక్కు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందన్నది వేరే సంగతి. కీర్తన పాడి వీడియో పెట్టాలంటే బాణీ ఎవరిదో తెలుసుకోండి, లేదా కొత్త బాణీ కట్టించుకోండి. బ్రహ్మంగారి తత్వాలు, వేమన పద్యాలు తరతరాలుగా నోటికి వచ్చే వరుసల్లో పాడితే ఈ ఇబ్బంది ఉండదు. ఎవరో పాడి సీడీగా విడుదల చేసినదాన్ని వాడితే ఉంటుంది.

పాత సినిమా పాటల లెక్కా ఇంతే. రికార్డింగ్‌కు విడుదలైన మరుసటి ఏడాదినుంచి 60 ఏళ్ళు. 1960లో విడుదలైన రికార్డింగ్ గడువు 2020 డిసెంబర్‌తో తీరింది. అంతమాత్రాన పాట మీద హక్కులన్నీ తీరిపోయినట్టు కాదు. సంగీత దర్శకుడు ఘంటసాల అనుకుందాం, ఆయన 1974లో కన్నుమూశారు కాబట్టి బాణీ హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. గీత రచయిత లెక్క మళ్ళీ వేరు. మిగతా దేశాల చట్టాలు మన చట్టంలా ఉండవు. క్లెయిమ్ వచ్చే అవకాశం మాత్రం ఎక్కువే. ఇంత తతంగం చేసి పాత పాట వేయడం లాభసాటి కాదని మా అభిప్రాయం.

మిగతా చోట్లు

పిక్సాబేలో సంగీతం ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు. కొన్ని ట్రాకులు కంటెంట్ ఐడీలో నమోదై ఉంటాయి, ఆ సంగతి ట్రాక్ పేజీలోనే రాసి ఉంటుంది. అలాంటిది తీసుకుంటే లైసెన్స్ సర్టిఫికెట్ కూడా అప్పుడే దించుకోండి, క్లెయిమ్ వస్తే అదే ఆధారం. ఎపిడెమిక్ సౌండ్, ఆర్ట్‌లిస్ట్ లాంటివి చందా కట్టించుకుంటాయి. నాణ్యత బాగుంటుంది, వెతకడం సులువు. చందా నడుస్తుండగా విడుదల చేసిన వీడియోలకు తర్వాత కూడా అనుమతి ఉంటుంది. మానేశాక దించుకున్న పాత ట్రాకును కొత్త వీడియోలో వేస్తే ఉండదు. వారానికి మూడు నాలుగు వీడియోలు చేసే స్టూడియోకు లెక్క సరిపోతుందేమో గానీ నెలకు ఒకటి రెండు పెట్టేవాళ్ళకు అక్కర్లేదు.

వేరేచోట్ల క్రియేటివ్ కామన్స్ సంగీతం తీసుకునేవాళ్ళు అక్షరాలు జాగ్రత్తగా చూడాలి. ‘ఎన్‌సీ’ ఉంటే డబ్బు వచ్చే వీడియోకు పనికిరాదు. ‘ఎన్‌డీ’ ఉంటే వీడియోకే పనికిరాదు. సంగీతాన్ని కదిలే దృశ్యంతో కలపడమే మార్పు కిందికి వస్తుందని ఆ లైసెన్సులోనే స్పష్టంగా రాసి ఉంది. ‘ఎస్‌ఏ’ ఉంటే మీ వీడియోను కూడా అదే లైసెన్స్ కింద అందరికీ వదలాల్సి వస్తుంది.

సీమ శబ్దం కావాలంటే

లైబ్రరీలో లేని ఉరుము, డప్పు, చెక్కభజన మన చుట్టూ బతికే ఉన్నాయి. ఛానెల్‌కు ఒక ఆరంభ సంగీతం, రెండు మూడు నేపథ్య ముక్కలు స్థానిక బృందంతో వాయించి రికార్డు చేయించుకోవడమే అన్నిటికన్నా మంచి పెట్టుబడి. ఇంకెవరి దగ్గరా లేని శబ్దం మీ దగ్గర ఉంటుంది, వాయించినవాళ్ళకు నాలుగు రూపాయలు చేరతాయి. వాళ్ళ సొంత వరుసో, తరతరాల వరుసో వాయించమనండి, సినిమా బాణీ వద్దు. డప్పును ఆరుబయట రికార్డు చేస్తే గోడల ప్రతిధ్వని పడదు. మైకును మూడు నాలుగు అడుగుల దూరంలో, డప్పు ముఖానికి ఎదురుగా కాక కొంచెం ఏటవాలుగా పెట్టండి. అతి పెద్ద దెబ్బ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి, దాటితే పగిలిన ధ్వనిని ఎడిటింగ్‌లో బాగుచేయలేరు. ఒకే ముక్కను మూడు వేగాల్లో, ఒక్కొక్కటి రెండు నిమిషాలు తీసుకుంటే ఏడాది పొడవునా పనికొస్తుంది.

అసలు మెలిక కాగితంలో ఉంది. నోటిమాట చెల్లదు, చట్టం లైసెన్స్ రాతలో ఉండాలంటుంది. అందులో ఏ ముక్కలు, ఏ హక్కు, ఎంత డబ్బు, ఎన్నేళ్ళు, ఏయే దేశాల్లో అన్నది రాయాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కువైట్‌లో, సౌదీలో, అమెరికాలో మనవాళ్ళు చూసే వీడియోకు ‘ప్రపంచమంతటా’ అన్న మాట లేకపోతే సగం అనుమతే ఉన్నట్టు. ఏడాదిలోపు వాడకపోయినా హక్కు పోదని కూడా ఒక వాక్యం చేర్చండి, లేకపోతే పోయే అవకాశం ఉంది. ‘యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా ఆన్‌లైన్ వీడియోలలో దృశ్యంతో కలిపి వాడుకోవడానికి, ప్రకటనల ఆదాయంతో సహా’ అని వాడకాన్ని విడమర్చి రాయండి.

సంతకం బృందం పెద్ద ఒక్కరిదే సరిపోదు. వాయించిన ప్రతి ఒక్కరికీ ప్రదర్శకుడి హక్కు విడిగా ఉంటుంది, అది 50 ఏళ్ళు నిలుస్తుంది. అందరి చేతా పెట్టించాలి. సంతకం రానివాళ్ళకు కాగితం తెలుగులో చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోండి. చదివి వినిపిస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోవడం ఇంకా మంచిది. ఒక ప్రతి వాళ్ళకూ ఇవ్వాలి.

ఇంత చేసినా ఒక చోట దెబ్బ తగిలే వీలుంది. ఆ బృందమే తర్వాత అదే ముక్కను పాటగా, పాటల్ని ఆన్‌లైన్ వేదికలకు చేర్చే ఏదో డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదల చేస్తే, ఆ సంస్థ దాన్ని కంటెంట్ ఐడీలో చేర్చేస్తే, క్లెయిమ్ మీకే వస్తుంది. అందుకే ‘ఈ ముక్కలను ఎక్కడ నమోదు చేసినా ఫలానా ఛానెల్‌ను మినహాయించాలి’ అనే షరతు మొదటే పెట్టాలి. అయినా క్లెయిమ్ వస్తే ఐదు రోజుల్లోపు వివాదం వేయండి, అప్పుడు మొదటి రోజునుంచి వచ్చే ప్రకటనల డబ్బు ఎవరికీ పోకుండా పక్కన ఉంటుంది. కారణం దగ్గర ‘లైసెన్స్ ఉంది’ ఎంచుకుని, ఒప్పందం తేదీ, ముక్క పేరు, వాడకం గురించిన వాక్యం అక్కడ రాయండి. అవతలివాళ్ళకు జవాబివ్వడానికి 30 రోజుల గడువు. ఇవ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. తిరస్కరిస్తే అప్పీలు చేయవచ్చు, దానికి వాళ్ళకు 7 రోజులే ఉంటాయి. అప్పీలును కూడా ఒప్పుకోకపోతే వాళ్ళు తొలగింపు నోటీసు ఇవ్వాలి, అది చెల్లితే మీకు స్ట్రైక్ పడుతుంది. కాబట్టి అప్పీలు నొక్కేముందు కాగితంలో వాయించినవాళ్ళందరి సంతకాలూ ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకోండి.